ముందు ఎవరిని చూడాలి?

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి ఒకేసారి వచ్చిన పదిమందిలో ముందు ఎవరిని చూడాలో తేల్చేది ఎవరు? కాగితం మీద డ్యూటీ డాక్టరు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఆ పని చేస్తున్నది స్టాఫ్ నర్సు. ఆమె ఇంజెక్షన్ చేయడానికి లోపలికి వెళితే స్ట్రెచర్ తోసే వార్డుబాయ్. అతనూ లేకపోతే అందరికంటే గట్టిగా అరిచిన బంధువు, లేదంటే ఎవరో పెద్దవాళ్ల చేత ఫోన్ చేయించగలిగిన బంధువు. ప్రాణం దక్కడమో పోవడమో చాలాసార్లు ఈ మొదటి కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది. ఆ నిమిషాల బాధ్యతను మన ఆరోగ్యశాఖలు స్పష్టంగా ఎవరికీ అప్పగించలేదు. నేర్పించలేదు, అధికారం ఇవ్వలేదు. ఏదైనా జరగరానిది జరిగి, బంధువులు ధర్నాకు దిగినప్పుడు మాత్రం ముందుగా మెమో అందేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకే. ఈ అన్యాయం ఇక ఒక్క రోజు కూడా సాగకూడదు.

రోగులను వచ్చిన వరసలో కాకుండా ప్రాణాపాయాన్ని బట్టి వరసపెట్టే పద్ధతికి ట్రయాజ్ అని పేరు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడిగా పనిచేసిన డొమినిక్ లారే రెండు శతాబ్దాల కిందటే యుద్ధభూమిలో దీన్ని అమలు చేశాడు. గాయపడినవాడి హోదా చూడొద్దు, గాయం ఎంత ప్రమాదకరమో చూడమన్నాడు. ఇరవయ్యో శతాబ్దం చివరికి ఇది ఆసుపత్రుల్లో కచ్చితమైన పద్ధతిగా స్థిరపడింది. బ్రిటన్‌లో పుట్టిన మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులుంటాయి. ఎరుపైతే తక్షణం చూడాలి, నారింజైతే పది నిమిషాల్లో, పసుపైతే గంటలో. ఆస్ట్రేలియాకూ కెనడాకూ ఇలాంటివే ఐదంచెల కొలమానాలున్నాయి. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు రంగులతో తన సొంత విధానం రూపొందించుకుంది. లెక్కలు వేరైనా బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా ఆసుపత్రుల్లో ఒకటి మాత్రం సామాన్యంగా కనిపిస్తుంది. రోగికి మొదట ఎదురుపడి, ఆ రంగు నిర్ణయించేది శిక్షణ పొందిన నర్సు.

ఆ నిర్ణయం ఎంత నేర్పుతో కూడుకున్నదో మన ఊళ్ల నుంచి వచ్చే కేసులతోనే చూడాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఒక కూలీని ఆటోలో తీసుకొస్తారు. కడుపులో నొప్పి, గొంతు పట్టేసినట్టుంది అంటాడు. ఒంటి మీద గాయం లేదు, వాపు లేదు, జ్వరం లేదు. గ్యాస్ అనుకుని ఒక ఇంజెక్షన్ చేసి బెంచీ మీద కూర్చోబెట్టడం చాలా సులువు. శిక్షణ ఉన్న నర్సు మరి రెండు మాటలు అడుగుతుంది. రాత్రి ఎక్కడ పడుకున్నావు? నేల మీద. కళ్లు పూర్తిగా తెరువు చూద్దాం. రెప్పలు సగానికి వాలిపోతుంటాయి. కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. నిద్రలో కరుస్తుంది, గాటు కంటికి ఆనదు, మంటా వాపూ ఉండవు. విషం నరాల నుంచి కండరాలకు ఆజ్ఞ అందకుండా చేస్తుంది. ముందు కనురెప్పలు, తర్వాత గొంతు, ఆపైన ఊపిరి తీసే కండరాలు. బెంచీ మీద తల వాల్చేస్తే పాపం నిద్రపట్టింది అనుకుంటారు. పాము విషానికి విరుగుడు మందు పక్క గదిలోనే ఉంటుంది.

షుగర్ ఉన్న అరవై ఏళ్ల ఆవిడ నీరసంగా ఉంది, చెమటలు పడుతున్నాయి, దవడ లాగుతోంది అంటూ వస్తుంది. ఛాతీలో నొప్పి ఉందా అంటే లేదంటుంది. అదే సమయంలో బైకు మీంచి పడి నుదురు చిట్లిన కుర్రాడిని పాతికమంది మోసుకొస్తారు. నెత్తురు అందరికీ కనిపిస్తుంది, గుండెపోటు కనిపించదు. కుర్రాడికి నాలుగు కుట్లు గంట తర్వాత వేసినా నష్టం లేదు. ఆవిడకు ఆ గంటే ప్రాణం. గుండెపోటు అనుమానం ఉంటే రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది గుండె వైద్యులందరూ అంగీకరించిన ప్రమాణం. ఆ అనుమానం ఎవరికి రావాలి? షుగర్ రోగుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చని తెలిసిన మనిషి గుమ్మం దగ్గర ఉంటేనే ఆ పది నిమిషాలకు అర్థం ఉంటుంది.

పురుగుమందు తాగినవాడు మాట్లాడుతున్నాడు కదా అని వెనక్కి నెట్టకూడదు. కంటిపాప సూదిమొనంత చిన్నదైందా, నోటి వెంట చొంగ కారుతోందా, దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నాడా చూడాలి. ఎనిమిదో నెల గర్భిణి తలనొప్పి, కళ్లు మసకలు కమ్ముతున్నాయి అంటే ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపకూడదు. ముందు బీపీ చూడాలి. గుర్రపువాతానికి హెచ్చరిక అదే.

ఇక ఊపిరి లెక్క. బీపీకి మిషన్ ఉంది, రక్తంలో ఆక్సిజన్ చూడటానికి వేలికి తగిలించే పరికరం ఉంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూడటానికి మన క్యాజువాలిటీల్లో మనిషి కళ్లే దిక్కు. పసిబిడ్డ విషయంలోనైతే ఏడుపు ఆగేదాకా ఆగి, చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. డొక్కలు ఎగరేస్తున్నాడేమో చూడాలి. దగ్గుతో వచ్చిన బిడ్డకు రెండు నెలల నుంచి ఏడాదిలోపు వయసుంటే 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకైతే 40 చేరితే న్యుమోనియా అనుమానించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనిషి పరిస్థితి దిగజారుతోందని అన్నిటికంటే ముందుగా చెప్పే గుర్తుల్లో ఇది ఒకటి. అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. కేస్ షీట్లు తిరగేయండి, ఊపిరి గడిలో పేజీ తర్వాత పేజీ ఒకే అంకె కనిపిస్తుంది, 20. అంతమంది మనుషులు ఒకే తీరున ఊపిరి తీయరు. ఆ అంకె లెక్కపెట్టకుండా రాసింది. ఒక్క నర్సు ముప్పై మందిని చూస్తున్నచోట ఆమె నిమిషం ఎక్కడినుంచి తెస్తుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాల్సింది ఆమెను ఒంటరిగా అక్కడ నిలబెట్టినవాళ్లు.

నర్సులకు ఈ విద్య ఎంతవరకు వచ్చో పరీక్షించి చూసిన దేశాలున్నాయి. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నగరంలో ఎమర్జెన్సీ విభాగాల్లో పనిచేసే 60 మంది నర్సులపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. వారిలో మూడో వంతు మందికి ట్రయాజ్ గురించి తగిన జ్ఞానం లేదని తేలింది. సగం మందికి పైగా రోగిని సరైన వర్గంలో చేర్చలేకపోయారు. ట్రయాజ్‌లో శిక్షణ పొందినవారు పదిమంది కూడా లేరు. ఆ ఫలితాన్ని అక్కడివాళ్లు దాచుకోలేదు, ప్రపంచం ముందు పెట్టారు. మన రెండు తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పరీక్ష పెట్టి ఫలితాన్ని బయటపెట్టే ధైర్యం ఆరోగ్యశాఖలకు ఉండాలి. ఆ పరీక్షలో నర్సులు తప్పితే అది వాళ్ల తప్పు కాదని ముందే చెబుతున్నాం. నేర్పనివారిదే ఆ తప్పు.

నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ట్రయాజ్ లేకపోలేదు. విపత్తుల పాఠంలో ఉంది. పరీక్షలో దాని మీద ఒక ప్రశ్న వస్తుంది, రంగుల పేర్లు రాస్తే మార్కులు పడతాయి. బీఎస్సీ చదివిన అమ్మాయి ఉద్యోగంలో చేరాక ఆ పాఠం మళ్లీ ఎవరూ గుర్తుచేయరు. నెల రోజులు క్యాజువాలిటీ, తర్వాత సర్జికల్ వార్డు, ఆ తర్వాత పిల్లల వార్డు అని డ్యూటీలు తిప్పుతారు. గుమ్మం దగ్గర చూపు పదునెక్కేలోగా ఆమె అక్కడ ఉండదు. ఆమె స్థానంలో నిన్న కాంట్రాక్టు మీద చేరిన మరో అమ్మాయి నిలబడుతుంది. ఎవరికి ఏం వచ్చో రికార్డు ఉండదు. ఆపరేషన్ థియేటర్‌లోకి పని తెలియని నర్సును పంపడానికి ఏ సర్జనూ ఒప్పుకోడు. క్యాజువాలిటీ గుమ్మం దగ్గరికి ఎవరిని పంపినా అభ్యంతరం చెప్పేవారు లేరు. ఈ పోలికలోనే మన ఆసుపత్రులు ఏ పనికి ఎంత విలువ ఇస్తున్నాయో బయటపడుతోంది.

జ్ఞానం ఒక్కటే చాలదు, అధికారమూ కావాలి. ఎరుపు అని నర్సు చెబితే పై గదిలో ఉన్న డాక్టరు లేచి రావాలి. రాకపోతే ఆ సంగతి, ఆ సమయం ఆమె కేస్ షీట్‌లో రాసే హక్కు ఉండాలి. డాక్టరు వచ్చేలోగా ఆక్సిజన్ పెట్టడం, షుగర్ చూడటం, ఈసీజీ తీయించడం, సెలైన్‌కు సూది ఎక్కించి సిద్ధంగా ఉంచడం వంటివి ఎవరినీ అడగకుండా చేసేలా సూపరింటెండెంట్ సంతకంతో లిఖితపూర్వక ఆదేశం ఉండాలి. ఇప్పుడు ఏం జరుగుతోంది? అనుమానంతో పిలిచిన నర్సును ‘దీనికోసమా లేపావు’ అని కసురుకుంటారు. రెండుసార్లు కసిరించుకున్నాక మూడోసారి ఆమె ఆలోచిస్తుంది. ఆ మూడో రోగే నిజంగా ప్రమాదంలో ఉన్నవాడు కావచ్చు. గాయపడినవారి విషయంలో అమెరికా శస్త్రవైద్యుల సంఘం ఒక కొలత పెట్టింది. తీవ్రమైన కేసును తక్కువగా అంచనా వేయడం 5 శాతం దాటకూడదు. మామూలు కేసును తీవ్రమనుకోవడం 35 శాతం దాకా ఉన్నా సహించాలి. అనుమానం వస్తే పైకే లెక్కించమని దాని అర్థం. అనవసరంగా పిలిచినందుకు నర్సును మందలించే డాక్టరు ఆ కొలతను తలకిందులు చేస్తున్నాడు.

సిబ్బంది లేరు, డబ్బు లేదు, ముందు అవి ఇవ్వండి అనే వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. నర్సుల ఖాళీలు నింపాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ పేరు చెప్పి ట్రయాజ్‌ను వాయిదా వేయడం మాత్రం అంగీకరించలేం. అందరినీ ఒకేసారి చూడగలిగిన చోట వరస అక్కర్లేదు. చూసే చేతులు తక్కువైన చోటే వరస కావాలి. దక్షిణాఫ్రికాలో 2004లో కేప్‌టౌన్ వైద్యులూ నర్సులూ కూర్చుని తమ దేశపు కొరతలకు సరిపోయే పద్ధతి తయారు చేసుకున్నారు. మనిషి నడవగలడా, నిమిషానికి ఎన్ని ఊపిరులు, నాడి ఎంత, బీపీ ఎంత, జ్వరం ఎంత, పిలిస్తే పలుకుతున్నాడా, దెబ్బ తగిలిందా అనే వాటికి అంకెలు వేసి కూడుతారు. దానికి థర్మామీటరు, బీపీ మిషన్, గడియారం, ముద్రించిన ఒక కాగితం చాలు. తక్కువ చదువున్న నర్సింగ్ సహాయకులు కూడా చేయగలిగేలా రాసుకున్నారు.

మలావీ ఉదాహరణ ఇంకా గట్టిది. ఆఫ్రికాలోనే పేద దేశాల్లో ఒకటైన ఆ దేశంలో, బ్లాంటైర్ నగరపు క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో, జబ్బు పిల్లలు పొడవాటి క్యూలో వంతు కోసం ఎదురుచూసేవారు. వైద్యులు ఆ ఏర్పాటు మార్చారు. పిల్లల ఎమర్జెన్సీ విభాగాన్ని కొత్తగా అమర్చి, సిబ్బందికి ట్రయాజ్ నేర్పి, ప్రమాదంలో ఉన్న బిడ్డను క్యూలోంచి ముందుకు తెచ్చి వెంటనే వైద్యం మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాదిని బట్టి 10 నుంచి 18 శాతం దాకా ఉన్న మరణాల శాతం ఆ తర్వాత 6 నుంచి 8కి దిగిందని 2006లో ప్రచురితమైన లెక్క చెబుతోంది. ఒక్క ఖరీదైన యంత్రం పేరు కూడా ఆ మార్పుకు ప్రధాన కారణంగా చెప్పలేదు. బ్లాంటైర్‌లో సాధ్యమైంది కర్నూలులో, వరంగల్‌లో, శ్రీకాకుళంలో, ఆదిలాబాద్‌లో ఎందుకు సాధ్యం కాదో మన అధికారులు చెప్పాలి.

అత్యవసర వైద్యంలో దేశానికి దారి చూపిన నేల మనది. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలయ్యాయి. అంబులెన్సులోని టెక్నీషియన్ దారిలో బీపీ చూస్తాడు, నాడి చూస్తాడు, ఆక్సిజన్ పెడతాడు, కాగితం మీద రాస్తాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ కాగితం ఎవరి చేతికివ్వాలో అతనికి తెలియదు. స్ట్రెచర్ ఖాళీ చేసి వెళ్లే తొందరలో అతనుంటాడు. అరగంట పాటు దారిలో కూడబెట్టిన సమాచారం గుమ్మంలో నేలపాలవుతుంది. మళ్లీ మొదటి నుంచి పేరు, ఊరు, వయసు. రోడ్డు మీద తెచ్చిన సంస్కరణను ఆసుపత్రి లోపలికి ఇరవై ఏళ్లయినా తేలేకపోయాం.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఈ లోపం ఎన్ని రెట్లవుతుందో ఆలోచించాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి లీకై ఊరి మీద పడింది. జనం వీధుల్లోనే కుప్పకూలారు. వందల మందిని కేజీహెచ్‌కూ ఇతర ఆసుపత్రులకూ తరలించాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ రెండు సందర్భాల్లో నర్సులు, వైద్యులు పడిన కష్టానికి చేతులెత్తి మొక్కాలి. అలాంటి రోజున ఒక్కొక్కరి దగ్గర నిమిషం కూడా ఉండదు. నడవగలిగినవారిని ఒక పక్కకు పంపి, మిగిలినవారి ఊపిరి, నాడి, స్పృహ చూసి రంగు కట్టి ముందుకు కదలాలి. మామూలు రోజుల్లో నలుగురిలో వరసపెట్టడం అలవాటు లేని చేతులకు నాలుగు వందల మందిలో వరసపెట్టడం ఒక్క రాత్రిలో రాదు. ఫార్మా కంపెనీలు, బాణసంచా తయారీ కేంద్రాలు, జాతీయ రహదారులు నిండిన మన ప్రాంతానికి అలాంటి రాత్రి మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

రోగుల బంధువుల దాడుల మాట ఎత్తకుండా క్యాజువాలిటీ గురించి రాయలేం. ఆసుపత్రి సిబ్బందిపై హింసను శిక్షించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. దాడులు ఆగలేదు. నర్సు మీద చెయ్యెత్తినవాడిని సమర్థించే మాట ఒక్కటి కూడా ఈ పత్రికలో కనిపించదు. అయితే తమవాణ్ని కూర్చోబెట్టి, తర్వాత వచ్చిన మనిషిని లోపలికి తీసుకెళితే బంధువులకు పక్షపాతంగానే తోస్తుంది. ‘అన్నా, ఆయనకు ఊపిరి ఆడటం లేదు, అందుకే ముందు తీసుకెళ్లాం. మీ అబ్బాయికి ప్రాణభయం లేదు, పావుగంటలో మళ్లీ నేనే వచ్చి చూస్తాను’ అని చెప్పే మనిషి ఉంటే కోపం సగం దిగుతుంది. చెప్పినట్టే పావుగంటకు వచ్చి చూస్తే మిగతా సగమూ దిగుతుంది. మళ్లీ వచ్చి చూడటం ట్రయాజ్‌లో సగం పని. పచ్చరంగు కట్టిన మనిషి అరగంటకు ఎరుపులోకి జారిపోవచ్చు. ఏ రంగులో ఉన్నవారు ఎంతసేపు ఆగాలో తెలుగులో రాసి గోడకు అంటించడానికి ప్రభుత్వానికి పట్టే ఖర్చు ఎంత?

న్యాయస్థానం చెప్పాల్సింది ఎప్పుడో చెప్పింది. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషికి వైద్యం చేయడం ప్రతి వైద్యుడి విధి అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. 1996లో ఆ కేసు తేల్చుతూ, సమయానికి వైద్యం అందించకపోవడం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్న సాకు ప్రభుత్వానికి చెల్లదని కోర్టు స్పష్టం చేసింది. గుమ్మం దాటి లోపలికి వచ్చాక బెంచీ మీద కూర్చోబెట్టి మరచిపోవడం గుమ్మం బయటి నుంచి పంపేయడం కంటే చిన్న నేరమేమీ కాదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో బీమా కార్డు కౌంటరు దాటాకే రోగి ముఖం చూసే చోట్లకూ ఈ మాట వర్తిస్తుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రుల ముందు మేము పెడుతున్న డిమాండ్ సూటిగా ఉంది. ప్రతి బోధనాసుపత్రిలో, ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రిలో, మూడు షిఫ్టుల్లోనూ, ట్రయాజ్ తప్ప వేరే పని చెప్పని ఒక నర్సు గుమ్మం దగ్గర ఉండాలి. ఆమెకు మన కేసులతోనే, అంటే పాముకాట్లు, పురుగుమందులు, గుర్రపువాతం, పసిపిల్లల న్యుమోనియాలతో, రోగి పక్కన నిలబెట్టి నేర్పాలి. ఏటా మళ్లీ పరీక్షించాలి. నేర్చుకున్నవారిని నెలకోసారి వార్డులు మార్చకూడదు, ఆ నైపుణ్యానికి భత్యం ఇవ్వాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కొత్త చట్టం పేరు మార్పుతో ఆగిపోకుండా, ఎమర్జెన్సీలో పనిచేసే నర్సుకు ట్రయాజ్ ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. నర్సుల సంఘాలు కూడా జీతాలు, బదిలీలతో పాటు ఈ శిక్షణను తమ హక్కుగా అడగాలి. అది వారిని మెమోల నుంచి కాపాడే కవచం కూడా.

ట్రయాజ్‌లో శిక్షణ పొందినట్టు రికార్డు లేని ఏ నర్సు పేరూ క్యాజువాలిటీ గుమ్మం డ్యూటీ పట్టికలో ఉండకూడదు. ఉన్న రోజున, అక్కడ ఒక ప్రాణం పోతే, సంజాయిషీ అడగాల్సింది ఆ నర్సును కాదు. ఆ పట్టిక మీద సంతకం చేసిన అధికారిని, ఆ అధికారికి శిక్షణ నిధులు ఇవ్వని ప్రభుత్వాన్ని.